బస్తీలో కంప్యూటర్ కేంద్రం: “అందరికీ ఫోన్లున్నాయి కదా” అంటే ఏం చెప్పాలి?

అడ్డగుట్ట_నివాసి

మా బస్తీ కమ్యూనిటీ హాలు పెళ్లిళ్లకూ ఎన్నికల పోలింగుకూ తప్ప మిగతా రోజుల్లో తాళం వేసే ఉంటుంది. ఒక ఐటీ కంపెనీ తమ ఆఫీసులో పక్కన పెట్టేసిన పది డెస్క్‌టాప్‌లను ఉచితంగా ఇస్తామంటోంది. వాటితో ఆ హాలులో పిల్లలకూ పెద్దలకూ పనికొచ్చే కంప్యూటర్ కేంద్రం మొదలుపెట్టాలని మా యువజన సంఘం అనుకుంది. బస్తీ కమిటీలో మాత్రం పెద్దలు ఒప్పుకోలేదు. “ఇంటింటికీ స్మార్ట్‌ఫోన్ ఉంది, వీధి చివర మీసేవ ఉంది, దాని పక్కనే ఇంటర్నెట్ షాపులున్నాయి, ఇక మీరు కొత్తగా నేర్పేదేముంది?” అన్నారు. వచ్చే సమావేశంలో ఈ విషయం మళ్లీ చర్చకు వస్తుంది. ఇలాంటి కేంద్రాలు నడిపినవారు, వాటిలో నేర్చుకున్నవారు, అవి మూతపడటం దగ్గరుండి చూసినవారు ఎవరైనా ఉంటే వివరంగా చెప్పండి. నిజంగా ఉపయోగం ఉందా, ఉంటే ఎవరికి?

కూకట్‌పల్లి_భాస్కర్

పెద్దల మాటను కొట్టిపారేయలేం. పదిహేనేళ్ల కిందట ఈ ఆలోచన వచ్చి ఉంటే నేనే ముందుండి సాయం చేసేవాణ్ని. ఇప్పుడు కరెంటు బిల్లు, గ్యాస్ బుకింగ్, బస్సు టికెట్, బ్యాంకు పని అన్నీ ఫోన్‌లోనే అయిపోతున్నాయి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరిలో ‘మన మిత్ర’ పేరుతో 161 సేవలను ఏకంగా వాట్సాప్‌లోకే తెచ్చింది. ప్రభుత్వ కార్యాలయమే జేబులోకి వస్తున్న కాలంలో పాత డెస్క్‌టాప్‌ల చుట్టూ జనాన్ని కూర్చోబెట్టడం అవసరమా అని నాకూ సందేహమే.

రిటైర్డ్_మాస్టారు

భాస్కర్ గారూ, ఇంట్లో ఫోన్ ఉండటం వేరు, అది పిల్లల చేతికి అందడం వేరు. 2020 సెప్టెంబరు 1న తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, ప్రభుత్వ విద్యా చానెల్ టీ-శాట్ ద్వారా పాఠాలు మొదలైనప్పుడు నేను ఇంకా సర్వీసులోనే ఉన్నాను. టీవీలో పాఠం అయ్యాక మేము వర్క్‌షీట్లు వాట్సాప్‌లో పంపేవాళ్లం. నా తరగతిలో చాలామంది ఇళ్లలో ఉన్న ఒక్క ఫోను తండ్రితో పాటు పొద్దున్నే పనికి వెళ్లిపోయేది. రాత్రి ఆయన తిరిగొచ్చాక అన్నదమ్ములకు, ఆ తరువాత మిగిలితే ఆడపిల్లకు. జవాబులు రాసిన కాగితాన్ని ఫొటో తీసి పంపడానికి రాత్రి పదకొండు దాటేదాకా మేలుకుని ఉన్న ఆడపిల్లలు నాకు తెలుసు.

2017–18 నాటి జాతీయ నమూనా సర్వే 75వ విడత ప్రకారం దేశంలో కంప్యూటర్ ఉన్న పట్టణ కుటుంబాలు 23.4 శాతం, గ్రామీణ కుటుంబాలు 4.4 శాతం. పట్టణాల అంకె మెరుగ్గానే కనిపిస్తుంది గానీ అందులో బంజారాహిల్స్ కూడా ఉంది, అడ్డగుట్ట కూడా ఉంది. నగరం పేరు చెప్పి బస్తీని ఆ సగటులో కలిపేయడమే అసలు అన్యాయం. కేంద్ర ప్రభుత్వం 2017లో మొదలుపెట్టిన ప్రధానమంత్రి గ్రామీణ డిజిటల్ సాక్షరతా అభియాన్ ఆరు కోట్ల మందికి నేర్పాలని పెట్టుకున్న పథకం, కానీ అది పూర్తిగా గ్రామీణ కుటుంబాలకే. మన బస్తీల్లోని పేదలు నగరవాసులు కాబట్టి దాని లెక్కలోకే రాలేదు.

గ్రూప్స్_అభ్యర్థి

ఫోన్ చాలదని నేను సొంత అనుభవంతో చెప్పగలను. ఉద్యోగ దరఖాస్తుకు ఫొటో ఇన్ని కేబీల లోపు ఉండాలి, సంతకం అంతకంటే తక్కువ ఉండాలి, కులధ్రువీకరణ పత్రం పీడీఎఫ్‌గానే ఉండాలి అంటారు. ఫోన్‌తో తీసిన ఫొటో మూడు నాలుగు ఎంబీలు ఉంటుంది. దాన్ని తగ్గించే యాప్ కోసం వెతికితే ప్రకటనల మధ్య అసలు బటన్ ఏదో తెలియదు. అన్నీ నింపి ముందుకు నొక్కే సమయానికి పేజీ గడువు తీరిపోయి మళ్లీ మొదటికి వస్తుంది.

అందుకని షాపుకు వెళ్తే అక్కడ ఇంకో చిక్కు. ఇంటర్ తర్వాత నేను మొదటిసారి దరఖాస్తు చేసినప్పుడు షాపులోని అన్న తనే నాకొక ఈమెయిల్ సృష్టించి, పాస్‌వర్డ్ తనే పెట్టి, ఫారం నింపి ప్రింటు చేతిలో పెట్టాడు. హాల్‌టికెట్ సమయానికి ఆ షాపు ఎత్తేశారు. పాస్‌వర్డ్ ఏమిటో నాకు తెలియదు, ఆ ఈమెయిల్‌కు వచ్చిన సమాచారమేదీ నాకు చేరలేదు. మా బస్తీలో ఇలాంటివారు నేనొక్కడినే కాదు. తన దరఖాస్తును తను నింపుకోగలగడం చిన్న విషయంలా కనిపిస్తుంది, కానీ ఏడాదికోసారి వచ్చే నోటిఫికేషన్ విలువ చదువుకునే వాడికే తెలుస్తుంది.

నెట్‌షాప్_యజమాని

మీ బాధ అర్థమైంది గానీ అందరినీ ఒకే గాటన కట్టవద్దు. చివరి తేదీ రోజున నా షాపు ముందు మెట్ల దాకా వరుస ఉంటుంది. ఒక్కొక్కరికి కూర్చోబెట్టి ఈమెయిల్ ఎలా తెరవాలో నేర్పుతూ ఉంటే వెనకున్నవాళ్ల గడువు దాటిపోతుంది. “నీకు తోచిన పాస్‌వర్డ్ నువ్వే పెట్టన్నా, నాకెందుకు” అనేవాళ్లే ఎక్కువ. నేనైతే ఫారం ప్రింటు వెనకే పాస్‌వర్డ్ రాసిచ్చి, ఇంటికెళ్లాక మార్చుకోమని చెప్తాను. ఎంతమంది మారుస్తారో నాకు తెలియదు.

ఒక విషయం మాత్రం ఒప్పుకోవాలి. మా పని ఫారం పూర్తి చేసి పంపడం, నేర్పడం కాదు. మీసేవ కూడా అంతే. 2001లో హైదరాబాద్‌లో ఈసేవ వచ్చినప్పుడు బిల్లులన్నీ ఒకేచోట కట్టగలగడం జనానికి పెద్ద ఉపశమనం. 2011లో మీసేవతో ధ్రువపత్రాలూ అక్కడికే వచ్చాయి. కానీ ఆ కౌంటరులో కంప్యూటర్ తెర ఉద్యోగి వైపే తిరిగి ఉంటుంది. అవతల నిలబడ్డవారు ఇరవై ఏళ్లు అలాగే నిలబడినా ఏమీ నేర్చుకోలేరు. ఒడ్డున నిలబెట్టి ఈత నేర్పలేం కదా. అడ్డగుట్ట వారు పెట్టదలచినది నేర్పే కేంద్రమైతే అది నా వ్యాపారానికి పోటీ కాదు, నాకు సాయమే.

విజయవాడ_శైలజ

చివరి మాట చాలా బాగా చెప్పారు. కృష్ణలంకలో ఒక స్వచ్ఛంద కేంద్రంలో నేను కొంతకాలం ఆడవాళ్లకు నేర్పాను కాబట్టి ఆ వైపు నుంచి కొంచెం వివరంగా రాస్తాను.

మొదటి వారం కంప్యూటర్ నేర్పడం అంటే మౌస్ నేర్పడమే. బల్ల అంచు దాకా మౌస్ వచ్చేస్తే దాన్ని ఎత్తి మళ్లీ మధ్యలో పెట్టుకోవచ్చని ఎవరూ చెప్పకపోతే ఎవరికీ తోచదు. చెయ్యి గాలిలోకి చాచి, కుర్చీలో పక్కకు ఒరిగి, బాణం గుర్తు ఇంకా తెర చివరికి పోలేదని భయపడేవారు. రెండుసార్లు గబగబా నొక్కమంటే మొదటి నొక్కుకూ రెండో నొక్కుకూ మధ్య చెయ్యి జరిగిపోయేది. అందుకే మొదటి రోజుల్లో పేకముక్కల ఆట ఆడించేదాన్ని. ముక్కలు లాగి పెట్టడంలో చేతికి పట్టు దొరికేది, నవ్వుకునేవారు కూడా. బట్టలు కుట్టే ఒకావిడ అందరికంటే ముందు నేర్చేసుకుంది, ఎందుకంటే చేతి కదలిక ఆమెకు కొత్త కాదు.

వేళల సంగతి ముందే ఆలోచించండి. సాయంత్రం ఆరింటికి పెడితే ఆడవాళ్లెవరూ రారు, నీళ్లు పట్టాలి, వంట చెయ్యాలి. ఇళ్లలో పనిచేసేవారికి మధ్యాహ్నం రెండింటి నుంచి నాలుగింటి దాకా తీరిక ఉంటుంది. చంటిపిల్లలను వెంట తెచ్చుకోనివ్వాలి, ఒక మూల చాప వేయాలి. నేర్పేది ఆడవాళ్లయితే ఇంట్లో అభ్యంతరాలు సగం తగ్గుతాయి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడామని చెప్పిన మహిళలు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం మాత్రమే. మగవారిలో అది 48.8, 57.4 శాతం. ‘అందరికీ ఫోన్లున్నాయి’ అని మీ కమిటీలో అన్నవారిలో ఆడవాళ్లెంతమంది?

అడ్డగుట్ట_నివాసి

కమిటీలో ఒకే ఒక్క మహిళ ఉన్నారు, ఆ రోజు ఆమె మాట్లాడలేదు. సమావేశానికి ముందే వెళ్లి ఆమెను కలుస్తాను. శైలజ గారూ, వేళల సంగతి మాకెవరికీ తట్టనే లేదు, సాయంత్రం ఆరింటికే అనుకున్నాం.

కొత్తపేట_కుర్రాడు

నేర్పేవారిని వెతకడం అంత అవసరమా? 1999లో ఢిల్లీ కాల్కాజీలో సుగతా మిత్రా అనే పరిశోధకుడు కంప్యూటర్ శిక్షణ సంస్థ ఎన్‌ఐఐటీ ఆఫీసు గోడకు రంధ్రం చేసి, పక్కనున్న మురికివాడ వైపు ఒక కంప్యూటర్ పెట్టి వదిలేస్తే పిల్లలు తమంతట తామే నేర్చుకున్నారు. ఆ ప్రయోగం ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. కంప్యూటర్లు పెట్టి తలుపులు తెరిచి ఉంచితే చాలు, పిల్లలు ఒకరికొకరు నేర్పుకుంటారు.

రిటైర్డ్_మాస్టారు

ఆ ప్రయోగం పిల్లల తెలివిని నిరూపించింది, అందులో సందేహం లేదు. అయితే ఢిల్లీలోని అలాంటి ఒక కేంద్రాన్ని చూసి వచ్చిన మార్క్ వార్షౌర్ అనే పరిశోధకుడు మరో వైపు కూడా రాశారు. ఇంటర్నెట్ సరిగా పనిచేసేది కాదు, హిందీలో పిల్లలకు పనికొచ్చే విషయమేదీ లేదు, ఎక్కువమంది బొమ్మలు గీయడం, ఆటలు ఆడటంతోనే సరిపెట్టుకున్నారు, తల్లిదండ్రులకు కూడా దానిపై మిశ్రమ అభిప్రాయాలే ఉన్నాయి అని ఆయన పరిశీలన. బొమ్మలు గీయడం తప్పని నేను అనను. కానీ తలుపు తెరిచి వదిలేసిన చోట బలమున్న మగపిల్లలు ముందు వరుసలో ఉంటారు, చిన్నవాళ్లూ ఆడపిల్లలూ వెనక నిలబడి చూస్తారు. వంతులు చూసే పెద్దమనిషి ఒకరు ఉండి తీరాలి.

హార్డ్‌వేర్_రఫీ

యంత్రాల విషయంలో తొందరపడకండి. కంపెనీ ఇస్తామన్న డెస్క్‌టాప్‌లు ఏ సంవత్సరానివో కనుక్కోండి. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ భద్రతా నవీకరణలు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయి. భద్రత కోసం ఉండే టీపీఎం 2.0 చిప్ లేని పాత యంత్రాల్లో విండోస్ 11 సక్రమంగా ఎక్కదు. చాలా కంపెనీలు ఇప్పుడు పాతవాటిని వదిలించుకుంటున్నది అందుకే. భయపడాల్సిన పనేమీ లేదు, వాటిలో విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ రకాలు, ఉబుంటు గానీ లినక్స్ మింట్ గానీ వేస్తే ఇంకా కొన్నేళ్లు హాయిగా పనిచేస్తాయి. హార్డ్‌డిస్కు తీసేసి దానికంటే వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ వేయించండి, ర్యామ్ కనీసం నాలుగు జీబీ, వీలైతే ఎనిమిది ఉండాలి. ఈ మార్పుల ఖర్చు కూడా భరించమని కంపెనీనే అడగండి. పదింటిలో రెండు మూడు అసలు పనిచేయనివి అంటగట్టే ప్రమాదం ఉంది, అలాంటివి తీసుకుంటే ఈ-వ్యర్థాల బెడద మీ నెత్తిన పడుతుంది.

కూకట్‌పల్లి_భాస్కర్

లినక్స్ నేర్చుకున్నవాడు రేపు ఉద్యోగానికి వెళ్తే అక్కడ విండోసూ ఎక్సెలూ ఉంటాయి కదా. పేదపిల్లలకు వేరే రకం నేర్పి పంపడం వారికి మేలు చేస్తుందా?

హార్డ్‌వేర్_రఫీ

ప్రశ్న సరైనదే. లినక్స్‌లో ఉచితంగా వచ్చే లిబ్రే ఆఫీసులో పట్టిక వేసి కూడిక సూత్రం రాయడం వచ్చినవారికి ఎక్సెల్‌లో అదే పని చేయడానికి ఎక్కువ సమయం పట్టదు. బ్రౌజర్ రెండింటిలోనూ ఒకటే, ఫారాలు నింపేది అందులోనే. అయినా మీ సందేహం పోవాలంటే పదింటిలో రెండు యంత్రాలను లైసెన్సు ఉన్న విండోస్‌తో ఉంచి, ఉద్యోగాలకు వెళ్లబోయేవారికి చివరి నెలలో వాటిపై అభ్యాసం ఇప్పించవచ్చు. బ్రెజిల్‌లోని సావో పాలో నగరపాలక సంస్థ 2001లో పేదల వాడల్లో టెలిసెంటర్లు, అంటే జనం వాడుకునే కంప్యూటర్ కేంద్రాలు, మొదలుపెట్టినప్పుడు వాటిని లినక్స్ లాంటి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ మీదనే నడిపింది. లైసెన్సుల డబ్బు మిగలడమే అందుకు ఒక ముఖ్య కారణం. మన దగ్గర స్వేచ్ఛ సంస్థ తెలుగులోనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారు చేసింది. బెంగళూరులో కర్ణాటక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం వారు గురప్పనపాళ్య ప్రాంతంలో అంబేడ్కర్ కమ్యూనిటీ కంప్యూటింగ్ సెంటర్ నడిపారు. మీకు వాలంటీర్లు కావాలంటే ముందు ఇలాంటివారినే అడగండి.

ఇంకో ముఖ్యమైన మాట. పదిమంది వాడే కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి చూడండి, గుండె ఆగినంత పనవుతుంది. ఆధార్‌లు, పాన్‌కార్డులు, మార్కుల మెమోలు అన్నీ అక్కడే పడి ఉంటాయి. ఆధార్ పీడీఎఫ్ పాస్‌వర్డ్ పేరులోని మొదటి నాలుగు అక్షరాలూ పుట్టిన సంవత్సరమూ అని అందరికీ తెలుసు, కాబట్టి దానికి తాళం ఉన్నా లేనట్టే. లాగౌట్ అవ్వగానే అన్నీ చెరిగిపోయే అతిథి ఖాతా పెట్టండి. నంబరు దాచి ఉండే మాస్క్‌డ్ ఆధార్ ఎలా తీసుకోవాలో నేర్పండి.

గ్రూప్స్_అభ్యర్థి

తెలుగు టైపింగ్ కూడా చేర్చండి. మా స్నేహితులంతా ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు రాస్తారు, అది సందేశాలకు సరిపోతుంది. కానీ భారతీయ భాషల కోసం రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో అచ్చులు ఎడమ చేతివైపు, హల్లులు కుడి చేతివైపు ఉంటాయని తెలిశాక నాకు వేగం చాలా పెరిగింది. డీటీపీ (కంప్యూటర్‌లో అచ్చుకు పేజీలు కూర్చే) పనికి వెళ్లేవారికి అది ఉపాధి.

న్యూజెర్సీ_నుంచి

ఇది మన దేశపు సమస్య మాత్రమే అనుకోవద్దు. న్యూయార్క్‌లోని హార్లెంలో ఆంటోనియా స్టోన్ అనే ఉపాధ్యాయురాలు 1983లోనే ప్రభుత్వ గృహసముదాయపు నేలమాళిగలో బీదవారి కోసం కంప్యూటర్ కేంద్రం తెరిచారు. ఇంటర్నెట్ జనంలోకి రాకముందే, యంత్రం ఉన్నవారికీ లేనివారికీ మధ్య అగాధం ఏర్పడుతుందని ఆమె గ్రహించారు. అక్కడి నుంచి మొదలై అలాంటి కేంద్రాలు దేశమంతా ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. ఇక్కడ నేను శనివారాల్లో మా ఊరి గ్రంథాలయంలో వృద్ధులకు కంప్యూటర్ నేర్పే స్వచ్ఛంద సేవకు వెళ్తాను. సంపన్న దేశమే అయినా, ఉద్యోగ దరఖాస్తు నింపడానికి గ్రంథాలయ కంప్యూటర్ తప్ప దిక్కులేనివారు రోజూ వస్తారు. పేద కుటుంబాల ఇంటర్నెట్ బిల్లులో ప్రభుత్వం కొంత భరించిన పథకం 2024లో నిధులు లేక ఆగిపోయింది. అప్పటి నుంచి మా దగ్గర రద్దీ మరింత పెరిగింది. విరాళంతో మొదలుపెట్టడం తేలికే, కానీ ఏటా వచ్చే కరెంటు, ఇంటర్నెట్, జీతం ఖర్చుకు స్థిరమైన ఆధారం చూసుకోకపోతే రెండో ఏటికి తాళం పడుతుంది.

గ్రంథాలయ_అభిమాని

స్థిరమైన ఆధారం మన చట్టంలోనే ఉంది, మనమే అడగడం లేదు. 1960 నాటి ఆంధ్రప్రదేశ్ పౌర గ్రంథాలయాల చట్టం నుంచి వచ్చిన పద్ధతి ప్రకారం రెండు రాష్ట్రాల్లోనూ ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున గ్రంథాలయ పన్ను వసూలవుతుంది. మీ ఇంటి పన్ను రసీదు తీసి చూడండి. స్థానిక సంస్థలు ఆ సొమ్మును గ్రంథాలయ సంస్థలకు సకాలంలో జమ చేయకపోవడం ఎంతో కాలంగా నడుస్తున్న సమస్య. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో ఉద్యోగ పరీక్షలకు చదివే పిల్లలు చోటు కోసం తెల్లవారుజామునే వచ్చి నిలబడతారు. బస్తీలో ఒక శాఖా గ్రంథాలయం, అందులో పది కంప్యూటర్లు అంటే అది దానధర్మం కాదు, మనం కట్టిన పన్నుకు రావలసిన సేవ. మీ ప్రాంతంలో ఎంత వసూలైందో, ఎంత జమ అయిందో సమాచార హక్కు చట్టం కింద అడగండి. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు కూడా డిజిటల్ సేవలను అందుకోగలగడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని చెప్పింది. ఆ కేసు యాసిడ్ దాడి బాధితులూ చూపులేనివారూ ఆన్‌లైన్‌లో గుర్తింపు నిరూపించుకునే ఈ-కేవైసీ పూర్తి చేయలేకపోతున్న సమస్య మీద వచ్చింది గానీ, తీర్పులో గ్రామీణులు, వృద్ధులు, పేదల ప్రస్తావన కూడా ఉంది.

కూకట్‌పల్లి_భాస్కర్

పన్ను సొమ్ము వస్తుందని ఎదురుచూస్తూ కూర్చుంటే ఈ పిల్లలు పెద్దవాళ్లయిపోతారు. నెలకు వందో రెండు వందలో రుసుము పెడితే తప్పేముంది? ఉచితమంటే విలువ ఉండదు.

విజయవాడ_శైలజ

రుసుము మాటకు నేను ఒప్పుకోను. వంద రూపాయలు పెడితే మగపిల్లవాడికి కడతారు, ఆడపిల్లకూ తల్లికీ “తర్వాత చూద్దాంలే” అంటారు. నేర్పడానికి డబ్బు అడగకుండా, ప్రింటుకూ స్కానుకూ బయటి ధర కంటే కొంచెం తక్కువ తీసుకుంటే కాగితం, సిరా ఖర్చు వెళ్లిపోతుంది.

కోజికోడ్_కోడలు

మా అత్తవారి వైపు మలప్పురం జిల్లాలో 2002లో అక్షయ కేంద్రాలు మొదలయ్యాయి. ప్రతి ఇంట్లో కనీసం ఒక్కరికైనా కంప్యూటర్ అక్షరాస్యత అన్నది అప్పటి లక్ష్యం. తరువాత అవే కేంద్రాలు ప్రభుత్వ సేవలు అందిస్తూ నిలదొక్కుకున్నాయి. అంటే నేర్పడం ముందు వచ్చింది, కౌంటర్ తరువాత వచ్చింది. మన దగ్గర కౌంటర్‌తోనే మొదలై నేర్పడం మిగిలిపోయింది. 2025 ఆగస్టులో కేరళ పూర్తి డిజిటల్ అక్షరాస్యత సాధించినట్టు ప్రకటించుకుంది. ఆ ప్రకటన వెనక వాలంటీర్లు ఇళ్లకు వెళ్లి ముసలివాళ్లకు ఫోన్ మీదే నేర్పిన శ్రమ ఉంది. కాబట్టి భాస్కర్ గారి ఫోన్ మాటను కూడా పక్కన పెట్టకండి. పెద్దవాళ్లకు కేంద్రంలో వారి సొంత ఫోన్ మీదే నేర్పండి.

రిటైర్డ్_మాస్టారు

అలా నేర్పేటప్పుడు మోసాల గురించి తప్పకుండా చెప్పండి. మా వీధిలో ఒక పెన్షనర్‌కు పోలీసులమంటూ వీడియో కాల్ చేసి ‘డిజిటల్ అరెస్ట్’ అని భయపెట్టి ఆయన దాచుకున్నదంతా ఊడ్చేశారు. చట్టంలో అలాంటి అరెస్టు లేదనీ, డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలనీ ఆయనకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది.

కూకట్‌పల్లి_భాస్కర్

ఇక్కడి అనుభవాలన్నీ చదివాక నా మొదటి అభ్యంతరాన్ని కొంత సవరిస్తున్నాను. దరఖాస్తులు, టైపింగ్, పట్టికలు నేర్పే విషయంలో డెస్క్‌టాప్ కావాల్సిందే. అయినా జీతమిచ్చి ఒక మనిషిని పెట్టలేకపోతే మొదలుపెట్టవద్దనే చెప్తాను. మా పక్క కాలనీలో ఒక కేంద్రాన్ని రిబ్బను కత్తిరించి ప్రారంభించారు. వాలంటీర్లు పరీక్షలు రాగానే మానేశారు, తరువాత కీబోర్డుల మీద దుమ్ము తుడిచేవారు కూడా లేరు.

అడ్డగుట్ట_నివాసి

మనిషి విషయం తేలితేనే ముందుకు వెళ్తాం. మా బస్తీలో డిగ్రీ కంప్యూటర్స్ చదివి ఖాళీగా ఉన్న ఇద్దరమ్మాయిలున్నారు. మధ్యాహ్నపు తరగతి ఒకరికి, సాయంత్రం పిల్లల తరగతి ఇంకొకరికి అప్పగించి, మొదటి ఏడాది వారి గౌరవ వేతనాన్ని యంత్రాలతో పాటు కంపెనీనే ఇవ్వమని అడగబోతున్నాం. ఒప్పుకోకపోతే యంత్రాలు కూడా తీసుకోం. తాళంచెవి కమిటీ దగ్గర కాకుండా నేర్పేవారి దగ్గరే ఉండాలని సమావేశంలో పట్టుబడతాం. గ్రంథాలయ పన్ను మీద దరఖాస్తు రేపే పెడుతున్నాను. రఫీ గారూ, యంత్రాలను తీసుకునే ముందు పరీక్షించడానికి మీరు రాగలరా?

హార్డ్‌వేర్_రఫీ

వస్తాను. సెలవు రోజైతే మంచిది. మీరు కంపెనీవారి నుంచి మోడల్ నంబర్ల జాబితా తెప్పించి ముందే నాకు సందేశంలో పంపండి, ఏ యంత్రానికి ఏ ర్యామ్ సరిపోతుందో చూసి ఉంచుతాను. హాలులో ఎర్తింగ్ సరిగా ఉందో లేదో ఒక ఎలక్ట్రీషియన్‌తో ఈలోపు చూపించండి.